కల్లా లిల్లీకి చలికాలపు విడిది

షికాగో శివార్లలోని నేపర్‌విల్, అరోరా లాంటి ఊళ్లలో అక్టోబరు సగం దాటిందంటే ఇక ఏ రాత్రయినా ఉష్ణోగ్రత సున్నా డిగ్రీల కిందికి జారవచ్చు. అలాంటి రాత్రి గడిచి తెల్లవారేసరికి పచ్చిక మీద సన్నటి మంచుపొర పరుచుకుని ఉంటుంది. నిన్న సాయంత్రం దాకా తెల్లచుక్కల ఆకులతో నిటారుగా నిలబడిన కల్లా లిల్లీ, ఎండ పైకొచ్చేసరికి ఉడికిన తోటకూరలా నేల మీద వాలిపోయి కనిపిస్తుంది. మేలో కొని నాటిన మొక్క, జూలైలో పసుపు, గులాబీ రంగుల్లో పూసి మురిపించిన మొక్క, ఒక్క రాత్రిలో పోయిందే అనిపిస్తుంది.

పోయింది ఆకులే. మూడు నాలుగు అంగుళాల లోతున దుంప క్షేమంగా ఉంది. వేసవంతా ఆకులు వండిన పిండిపదార్థం అంతా అందులో దాచి ఉంది. వచ్చే ఏడాది పూలకు కావలసిన పెట్టుబడి అదే.

ఆ ఉదయం ఇంటివాళ్లు సాధారణంగా మూడు పనుల్లో ఒకటి చేస్తారు. మొక్క చచ్చిపోయిందనుకుని పీకి పారేస్తారు. లేదంటే, వసంతంలో అదే వస్తుందిలే అని నేలలోనే వదిలేస్తారు. మొక్క మీద మమకారం ఎక్కువున్నవాళ్లు కుండీలోకి మార్చి, హీటర్ వేసిన గదిలో కిటికీ పక్కన పెట్టి, రోజూ కాసిని నీళ్లు పోస్తారు. మొదటిది వృథా. రెండోది షికాగో చలిలో దుంపను చంపడమే. మూడోది చూడ్డానికి కాపాడటంలా ఉంటుంది గాని, రంగు పూల కల్లా విషయంలో అది కూడా చంపడమే, కాకపోతే నెమ్మదిగా. చలి తగలకుండా చూస్తే చాలు మొక్క బతుకుతుందనే నమ్మకమే ఇక్కడి చిక్కు. ఈ దుంపకు వెచ్చదనం కంటే ముందు కావలసింది విశ్రాంతి. ఆ విశ్రాంతి పొడిగా ఉండాలి. ఎందుకో తెలియాలంటే దాని పుట్టిల్లు చూడాలి. అంతకంటే ముందు దాని చుట్టాలెవరో తెలుసుకోవాలి.

పేరులో లిల్లీ ఉన్నా లిల్లీల కుటుంబంతో దీనికి చుట్టరికం లేదు. దీని దగ్గరి బంధువులు తెలుగువాళ్ల పెరళ్లలోనూ కూరల సంతల్లోనూ ఎప్పటినుంచో ఉన్నాయి. కంద, చేమ ఈ కుటుంబానివే. వరండాల్లో పాకే మనీ ప్లాంటు, పెళ్లి మండపాల్లో ఎర్రగా మెరిసే ఆంథూరియం కూడా ఇదే ఇంటివి. వృక్షశాస్త్రంలో దీన్ని ఏరేసీ కుటుంబం అంటారు. ఈ కుటుంబానికంతా ఒకటే పోలిక: మనం పువ్వనుకునేది పువ్వు కాదు, రూపం మార్చుకున్న ఒక ఆకు. కల్లాలో అది గరాటాలా చుట్టుకుని, మధ్యలో నిలబడిన కంకికి కాపు కాస్తుంది. అసలు పూలు ఆ కంకి మీద ఉంటాయి. దగ్గరగా పట్టుకుని చూస్తే తప్ప కనపడనంత చిన్నవి. పైభాగంలో మగపూలు, అడుగున ఆడపూలు. తెల్ల కల్లాలో ఇంకో విశేషం ఉంది. ఆ తెలుపు ఏ రంగు పదార్థం వల్లా వచ్చింది కాదు. పైపొర కింద లెక్కలేనన్ని గాలి గదులుంటాయి. వాటి మీద పడిన వెలుగు చెదిరి మన కంటికి తెల్లగా కనిపిస్తుంది.

కంద చుట్టమంటే దురద కూడా ఉండాలి కదా. ఉంది. దుంపలో, ఆకులో, కాడలో సూదుల్లా మొనదేలిన కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలుంటాయి. కందకు లేని దురద కత్తిపీటకెందుకని సామెత చెబుతుంది గాని, కల్లా దుంపలు తవ్వే చేతులకు మాత్రం తొడుగులు కావాలి. కందను చింతపండు వేసి ఉడికించి తింటాం కాబట్టి దీన్నీ తినవచ్చని ఎవరూ అనుకోకూడదు, ఇది విషం. తవ్వి మట్టి దులిపిన కల్లా దుంపలు కొన్ని అచ్చం చేమదుంపల్లాగే ఉంటాయి. వాటిని వంటింట్లో ఉల్లిపాయల బుట్ట పక్కన ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టకూడదు. చిన్నపిల్లలు, పెంపుడు కుక్కలు, పిల్లులు ఉన్న ఇంట్లో పెట్టె మీద పెద్ద అక్షరాలతో పేరు రాసి, చేతికందని చోట ఉంచాలి.

ఇక పుట్టిల్లు. కల్లా లిల్లీల ప్రజాతి పేరు జాంటెడెస్కియా. జర్మన్ వృక్షశాస్త్రజ్ఞుడు కర్ట్ స్ప్రెంగెల్ 1826లో ఇటలీకి చెందిన జొవాన్ని జాంటెడెస్కి గౌరవార్థం ఆ పేరు పెట్టాడు. ఇందులో 8 జాతులున్నాయి, అన్నీ ఆఫ్రికా ఖండపు దక్షిణ భాగానివే. వీటిలో తెల్లటి పెద్ద పూలు పూసేది ఇథియోపికా. ఆ పేరు చూసి ఇథియోపియాకు చెందిందనుకుంటారు గాని, అది దక్షిణాఫ్రికా మొక్క. కేప్‌టౌన్ చుట్టుపక్కల వాగుల ఒడ్డున, రోడ్ల పక్క నీరు నిలిచే పల్లాల్లో గుంపులు గుంపులుగా పెరుగుతుంది. అక్కడ వానలు పడేది చలికాలంలో. జూన్ నుంచి ఆగస్టు దాకా తడిసి పచ్చబడుతుంది, వసంతంలో పూస్తుంది, ఎండాకాలం నేల ఎండితే ఆకులు రాల్చి పడుకుంటుంది. అదే జాతి మొక్క తూర్పు వైపు, వేసవి వానల ప్రాంతంలో పెరిగితే నిద్ర చలికాలానికి మారుతుంది. ఏడాది పొడవునా తడి ఆరని చిత్తడిలో పెరిగితే అసలు నిద్రే పోదు, ఎప్పుడూ పచ్చగానే ఉంటుంది. అంటే ఈ మొక్క చూసుకునేది క్యాలెండరును కాదు, నీటిని.

నీళ్లంటే దానికి ఎంత అలవాటో ఆకు కొసలు చూస్తే తెలుస్తుంది. చిత్తడిలో పెరిగే తెల్ల కల్లా, వేళ్లు లాగిన అదనపు నీటిని ఆకు చివరల నుంచి బొట్లు బొట్లుగా వదిలేస్తుంది. ఆ పూలలో పగటిపూట ఒక చిట్టి కప్ప దాక్కుంటుంది. దాన్ని ఆరం లిల్లీ కప్ప అంటారు. ఎండవేళ దాని ఒళ్లు పాలిపోయి దంతపు రంగుకు తిరుగుతుంది, పువ్వులో కలిసిపోతుంది. దుంపలనేమో ముళ్లపందులు తవ్వుకుని తినేస్తాయి. మనిషి చేతికి దురద పెట్టే దుంప వాటి నోటిని ఏమీ చేయదు.

పసుపు, గులాబీ, నారింజ, ముదురు ఊదా రంగుల కల్లాల కథ వేరు. వీటి పూర్వీకులు కేప్‌టౌన్ దగ్గరివి కావు. ఈశాన్యాన ఎంపుమలాంగా, క్వాజులు-నటాల్ గడ్డిభూముల్లో, కొండవాలు బండల సందుల్లో పుట్టిన రెమానీ, పెంట్‌లాండీ, ఆల్బోమాక్యులాటా లాంటి జాతులు. నిండు పసుపు పూల ఎలియోటియానాను 19వ శతాబ్దం చివర ఇంగ్లండ్ తోటల్లో పెంచారు గాని, అడవిలో అది పెరిగే చోటు ఇప్పటికీ ఎవరికీ దొరకలేదు. ఆ గడ్డిభూముల్లో వానలు వేసవివి. అక్టోబరు, నవంబరులో మొదలై మార్చి దాకా పడతాయి. ఆ తర్వాత ఆకాశం పొడిబారుతుంది. గడ్డి ఎండి పసుపు రంగుకు తిరుగుతుంది, చాలాచోట్ల తగలబడుతుంది కూడా. రాత్రుళ్లు మంచు పడుతుంది. ఆ నాలుగైదు నెలలు రంగు కల్లాకు పైన ఆకు అనేదే ఉండదు. దుంప ఒక్కటే, ఎండిన మట్టిలో, చుక్క నీరు లేకుండా కాలం గడుపుతుంది. మళ్లీ తొలకరి తగిలితేనే కన్ను విప్పుతుంది.

తెల్లది, రంగులది అనే తేడా పూల అంగడి కోసం ఎవరో పెట్టిన విభజన కాదు. రెండింటినీ కలపాలని మొక్కల పెంపకందారులు చాలాకాలం ప్రయత్నించారు. తెల్ల కల్లా బలాన్ని, దాని పొడవాటి కాడను రంగు పూలకు తేవాలని వాళ్ల ఆశ. పరపరాగ సంపర్కం చేస్తే గింజలు వచ్చాయి, మొలిచాయి, కాని మొలకలు తెల్లగా పాలిపోయి పుట్టాయి. ఒక జాతి కణకేంద్రకం, ఇంకో జాతి హరితరేణువులు ఒకదానితో ఒకటి పొసగవు. పత్రహరితం తయారు కాదు. గింజలో దాచిన ఆహారం అయిపోగానే మొలక చచ్చిపోతుంది. అంత దూరపు దాయాదులు ఇవి. అయినా దుకాణంలో రెండింటినీ ఒకే పేరుతో, ఒకే వరసలో పెట్టి అమ్ముతారు. సంరక్షణ గురించి జరిగే పొరపాట్లలో సగం అక్కడే పుడుతున్నాయి.

కాబట్టి ఉత్తరార్ధగోళపు చలిదేశాల్లో ఎవరి చేతికైనా కల్లా మొక్క వస్తే మొదట అడగాల్సిన ప్రశ్న ఇది: తెల్లదా, రంగుదా? ఆకు చూసి కూడా కొంత పోల్చుకోవచ్చు. తెల్లదాని ఆకు పెద్దది, బాణపు మొన ఆకారంలో, ముదురు పచ్చగా ఉంటుంది. రంగు కల్లాల ఆకు చిన్నది, చాలా రకాల్లో దాని మీద పాలు చిలికినట్టు తెల్లచుక్కలుంటాయి. నేలలో తవ్వి చూస్తే తేడా ఇంకా స్పష్టం. తెల్లదానికి అల్లంలా అడ్డంగా సాగే కొమ్ము ఉంటుంది, రంగుదానికి గుండ్రంగా, కాస్త బల్లపరుపుగా ఉండే దుంప ఉంటుంది.

అమెరికాలో ఈ లెక్కకు వ్యవసాయశాఖ వేసిన పటం పనికొస్తుంది. ఏడాదిలో అతి చల్లటి రాత్రి ఉష్ణోగ్రతల సగటు తీసుకుని దేశాన్ని జోన్లుగా విడగొట్టారు. 13,412 వాతావరణ కేంద్రాల లెక్కలతో 2023లో దాన్ని కొత్తగా వేస్తే, దేశంలో దాదాపు సగం ప్రాంతం అర జోన్ మేర వెచ్చని వైపుకు జరిగింది. కల్లా దుంప నేలలోనే చలికాలం దాటాలంటే కనీసం జోన్ 8 కావాలి. తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే ఊళ్లను ఈ పటంలో పెట్టి చూడండి. మినియాపొలిస్ జోన్ 5, షికాగో 6, న్యూజెర్సీలోని ఎడిసన్ 7. ఈ మూడు చోట్లా దుంప తీయాల్సిందే. అట్లాంటా, డాలస్ 8, సియాటిల్, హ్యూస్టన్ 9, శాన్‌ఫ్రాన్సిస్కో బే ఏరియా 9, 10. ఇక్కడ నేలలోనే ఉంచవచ్చు. కాలిఫోర్నియా తీరంలోనైతే తెల్ల కల్లా తోటలు దాటి వాగుల్లో తనంతట తానే పెరుగుతోంది.

అయితే పటం చెప్పేది సగటు మాత్రమే. 2021 ఫిబ్రవరి 16న డాలస్ ఫోర్ట్‌వర్త్ విమానాశ్రయంలో ఉష్ణోగ్రత మైనస్ 2 ఫారెన్‌హీట్‌కు, అంటే మైనస్ 19 సెల్సియస్‌కు పడిపోయింది. జోన్ 8 ఊళ్లో జోన్ 6 చలి అది. సగటును నమ్మి నేలలో వదిలేసిన మొక్కలకు అలాంటి రాత్రి ఒక్కటి చాలు. విలువైన రకమైతే డాలస్‌లోనూ ఒకటి రెండు దుంపలు తీసి లోపల దాచుకోవడం మంచిది. నేలలో ఉంచిన వాటి మీద నాలుగైదు అంగుళాల మందాన ఎండుటాకులో, బెరడు ముక్కలో కప్పాలి. కప్పే ముందు అక్కడ నీరు నిలవదని చూసుకోవాలి.

పుట్టినచోట మంచును తట్టుకున్న దుంప షికాగోలో ఎందుకు చస్తుంది? ఎంపుమలాంగా గడ్డిభూమిలో మంచు పైపైనే. పగలు ఎండ కాస్తే కరిగిపోతుంది, అంగుళాల లోతున మట్టి గడ్డకట్టదు. షికాగోలో ఇళ్ల పునాదులు 42 అంగుళాల లోతుకు వేయాలని నిబంధన, ఎందుకంటే చలికి నేల అంత లోతు దాకా గడ్డకట్టవచ్చని లెక్క. మూడు నాలుగు అంగుళాల లోతున ఉన్న దుంప వారాల తరబడి మంచుగడ్డలో చిక్కుకుంటుంది. దుంప కణాల్లో ఉన్నది ఎక్కువ భాగం నీరే. అది గడ్డకట్టే క్రమంలో కణాల పొరలు చిట్లిపోతాయి. మార్చిలో తవ్వి చూస్తే చేతికి వచ్చేది గోధుమరంగు జావ.

దుంప తీయడం పెద్ద పనేమీ కాదు, కాని తొందరపడకూడదు. మొదటి మంచు ఆకుల్ని నల్లబరిచే దాకా ఆగడం మేలు. ఆకు పచ్చగా ఉన్నన్నాళ్లూ దుంపలోకి ఆహారం దిగుతూనే ఉంటుంది. అసలు సెప్టెంబరు నుంచే నీళ్లు తగ్గిస్తూ వస్తే మొక్కకు కాలం మారిందని తెలుస్తుంది, ఆకులు వాటంతటవే పసుపు తిరుగుతాయి. ఆకులు వాలాక కాడల్ని రెండు అంగుళాలు ఉంచి కోసేయాలి. మొక్కకు ఒక అడుగు దూరంలో తవ్వుగోలు దించి, మట్టిగడ్డతో సహా పైకి లేపాలి. పారతో దగ్గరగా కొడితే దుంప తెగుతుంది. తెగిన దుంప చలికాలం దాటడం కష్టం. మట్టిని చేత్తో మెల్లగా దులపాలి. కుళాయి కింద పెట్టి కడగడం, బ్రష్షుతో రుద్దడం అక్కర్లేదు.

అప్పుడు దుంపను చేతిలో పెట్టుకుని ఒకసారి పరిశీలించాలి. మంచి దుంప బంగాళాదుంపంత గట్టిగా ఉంటుంది, పైతొక్క లేత గోధుమరంగులో పలచగా, అక్కడక్కడ పొట్టు లేస్తూ ఉంటుంది. ఒక వైపు నునుపు, ఇంకో వైపు గుంటలు, బొడిపెలు. ఆ బొడిపెల్లోనే వచ్చే ఏడాది మొలకలున్నాయి. వేళ్లు కూడా ఆ పైవైపు నుంచే, మొలక మొదట్లోంచి వస్తాయి. పెద్ద దుంప పక్కన చిన్న పిలకలు అంటుకుని ఉంటే ఇప్పుడే విడదీయనక్కర్లేదు. వేలితో నొక్కితే ఎక్కడైనా మెత్తగా దిగితే, లేదా దుర్వాసన వస్తే దాన్ని మిగతా వాటి దగ్గరికి కూడా రానివ్వకూడదు.

ఆ మెత్తదనానికి కారణం పెక్టోబ్యాక్టీరియం అనే బ్యాక్టీరియా. గోదాముల్లో బంగాళాదుంపల్ని, క్యారెట్లని కుళ్లబెట్టేదీ ఇదే. గాయంలోంచి లోపలికి దూరి, కణాల్ని అంటిపెట్టుకుని ఉంచే పదార్థాన్ని కరిగించేస్తుంది. తడి, వేడి, గాలి ఆడకపోవడం, ఈ మూడూ కలిస్తే దానికి పండగ. రంగు కల్లాలను పెద్ద ఎత్తున పండించి పూలనూ దుంపలనూ ఎగుమతి చేసే న్యూజిలాండ్‌లో రైతుల్ని అన్నిటికంటే ఎక్కువ వేధించిన జబ్బు ఇదే. నత్రజని ఎరువు ఎక్కువ వేస్తే ఆకు ఏపుగా పెరుగుతుంది గాని, ఈ కుళ్లుకు మొక్క తేలిగ్గా లొంగిపోతుంది. ఇంటి తోటలో దీనికి నమ్మదగిన మందంటూ లేదు. పొడిగా ఉంచడం, గాయం కాకుండా చూసుకోవడం, పాడైనదాన్ని వెంటనే తీసేయడం, ఇంతే.

అందుకే తవ్విన దుంపను నేరుగా పెట్టెలో పెట్టకూడదు. ముందు ఆరబెట్టాలి. నీడన, గాలి తగిలేలా, పాత పేపరు మీద ఒకదానికొకటి తగలకుండా పరిచి వారం పది రోజులు ఉంచాలి. ఇంట్లో మామూలు గది వెచ్చదనం దీనికి సరిపోతుంది. ఈలోగా తొక్క గట్టిపడుతుంది, తవ్వేటప్పుడు పడిన చిన్న చిన్న గీతలు మానిపోతాయి, మిగిలిన కాడ ఎండి తేలిగ్గా ఊడొస్తుంది. చాలామంది దాటేసే మెట్టు ఇదే. ఈ పది రోజుల ఓపిక లేకపోతే తర్వాతి అయిదు నెలల జాగ్రత్తంతా బూడిదలో పోసిన పన్నీరు.

ఆరిన దుంపల్ని అట్టపెట్టెలోనో, కాగితపు సంచిలోనో, ఉల్లిపాయలొచ్చే వలసంచిలోనో పెట్టాలి. మధ్యలో పొడి పీట్ మాస్, వర్మిక్యులైట్, రంపపు పొట్టు లాంటిది ఏదైనా వేస్తే ఒకటి పాడైనా పక్కదానికి అంటుకోదు. మూతి బిగించిన ప్లాస్టిక్ సంచి మాత్రం వద్దు. 10 నుంచి 13 డిగ్రీల సెల్సియస్, అంటే 50 నుంచి 55 ఫారెన్‌హీట్ ఉండే చీకటి చోటు కావాలి. బేస్‌మెంటులో, ఇంటిని వేడిచేసే ఫర్నేసుకు దూరంగా ఉన్న మూల దీనికి చక్కగా సరిపోతుంది. గరాజ్ అయితే జనవరి రాత్రుల్లో సున్నా కిందికి పోతుందేమో ముందే థర్మామీటరు పెట్టి చూసుకోవాలి. ఫ్రిజ్‌లో పెట్టేవాళ్లున్నారు. అక్కడ చలి దీనికి అవసరమైనదానికంటే ఎక్కువ, తేమ ఉంటుంది, పైగా ఆపిల్ లాంటి పండ్లు వదిలే వాయువు నిద్రలో ఉన్న దుంపలకు మంచిది కాదు. నెలకోసారి పెట్టె తెరిచి ఒక్కొక్కటీ వేలితో నొక్కి చూడాలి. మెత్తబడితే తీసేయాలి. చిన్న దుంపలు మరీ ముడతలు పడుతుంటే పొట్టు మీద నాలుగు చినుకులు చిలకరిస్తే చాలు.

తెలుగు నేల మీద దుంప దాచడం కొత్త విద్య కాదు. దుగ్గిరాల, నిజామాబాద్ పసుపు రైతులు విత్తనపు కొమ్ముల్ని చెట్టు నీడన కుప్పపోసి, పసుపు ఆకులతో కప్పి, పైన పేడ కలిపిన మట్టితో మెత్తి, జూన్ వానల దాకా ఉంచుతారు. కంద రైతులూ అంతే. కొవ్వూరు ప్రాంతం నుంచి ఎంపికై దేశమంతా పాకిన గజేంద్ర రకం కందనైనా తవ్వగానే మళ్లీ నాటరు. గాలి ఆడే నీడలో రెండు మూడు నెలలు పడుకోనిస్తారు, కన్ను ఉబ్బాక ముక్కలు కోసి, పేడనీళ్లలో ముంచి, నీడన ఆరబెట్టి అప్పుడు నాటుతారు. ప్రతి ముక్కకూ కన్ను భాగం ఉండేలా చూస్తారు. ఆ పల్లెల్లో పెరిగి ఇప్పుడు ఇల్లినాయ్‌లో ఉన్నవాళ్లకు ఎవరూ కల్లా దుంప గురించి పాఠం చెప్పనక్కర్లేదు. అక్కడ తప్పించాల్సింది ఎండ, ఇక్కడ చలి. నీడ, గాలి, పొడిదనం, ఓపిక రెండు చోట్లా ఒకటే.

కుండీలో పెంచుకునేవాళ్లకు ఇంకా తేలిక. రంగు కల్లా అయితే నీళ్లు ఆపేసి, ఆకులు ఎండాక కోసి, కుండీని కుండీలాగే తీసుకెళ్లి చల్లటి చీకటి మూలలో పక్కకు వాల్చి పెట్టవచ్చు. మట్టి పూర్తిగా ఎండాలి. వసంతం దాకా దాని జోలికి పోనక్కర్లేదు. తెల్ల కల్లా అయితే దీనికి పూర్తిగా తిరగేసి చేయాలి. అది నిద్రపోవాలని పట్టుబట్టే మొక్క కాదు. మంచు పడకముందే లోపలికి తెచ్చి, వెలుతురు బాగా వచ్చే, మరీ వేడెక్కని గదిలో పెట్టి, మట్టి తడి ఆరకుండా నీళ్లు పోస్తే చలికాలమంతా పచ్చగా ఉంటుంది, ఒక్కోసారి ఫిబ్రవరి, మార్చిలోనే పూస్తుంది. పుట్టినచోట చలికాలపు వానల్లో అది చేసే పని అదే కదా. చోటు లేకపోతే దీన్ని కూడా ఎండబెట్టి పడుకోబెట్టవచ్చు, ఊరుకుంటుంది.

బ్రిటన్‌లో తెల్ల కల్లాకు మూడో దారి కూడా ఉంది. చెరువులో దాచడం. వేళ్లభాగం నీటి మట్టానికి 15 నుంచి 30 సెంటీమీటర్ల కింద ఉండేలా బుట్టలో పెట్టి దించుతారు. అక్కడి చలికి నీటిపై సన్నటి మంచుపలక కడుతుందే గాని లోపల గడ్డకట్టదు. ససెక్స్‌లోని క్రోబరో ఊరి పేరుతో పిలిచే రకం చలికి బాగా తట్టుకుంటుందని తోటమాలులకు దాని మీద నమ్మకం ఎక్కువ.

ఇంత సేవ చేయించుకునే మొక్క మరోచోట పెద్ద తలనొప్పి. పశ్చిమ ఆస్ట్రేలియా నైరుతి భాగంలో, కేప్‌టౌన్ లాగే చలికాలపు వానలు పడే నేలలో, తెల్ల కల్లా వాగులూ పచ్చికబయళ్లూ ఆక్రమించింది. పశువులకు విషం కాబట్టి అక్కడి ప్రభుత్వం దాన్ని అదుపు చేయాల్సిన కలుపుగా ప్రకటించింది. మన నీలగిరుల్లోనూ, ఊటీ చుట్టుపక్కల పల్లపు చిత్తడిలో, తెల్ల కల్లా ఎవరూ నాటకుండానే పెరుగుతోంది. డిసెంబరు, జనవరి తెల్లవారుజామున అక్కడి గడ్డి మీద మంచు పేరుకున్నా దానికేమీ కాదు. తెలుగు పర్యాటకులు కారు ఆపి ఫొటోలు తీసుకునే ఆ తెల్లపూలు మన దేశానివి కావు. కొత్తచోటికి తెచ్చేముందు ఆలోచించాల్సిన మొక్క ఇది. కుండీలో ఉంటే అందం, వాగులో పడితే వేరే కథ.

మనుషులు దీన్ని వదలకపోవడానికి అందం తప్ప వేరే కారణం వెతకనక్కర్లేదు. మెక్సికో చిత్రకారుడు డియెగో రివేరా 1925లో వేసిన ‘పూల రోజు’ చిత్రంలో పూలమ్మేవాడి వీపు మీద పెద్ద మోపుగా ఉన్నవి ఈ తెల్ల కల్లాలే. తర్వాత కూడా ఆయన వాటిని మళ్లీ మళ్లీ వేశాడు. అమెరికాలో జార్జియా ఓకీఫ్ 1920లలో ఒక్క పువ్వునే కాన్వాసు నిండా పెద్దది చేసి గీసింది. ఐర్లండ్‌లో 1916 ఈస్టర్ తిరుగుబాటులో చనిపోయినవాళ్ల జ్ఞాపకంగా 1926 నుంచి గుండెల మీద పెట్టుకునే బ్యాడ్జి మీద ఉన్నదీ ఈ పువ్వే.

మార్చి ఆఖరున పెట్టె తెరుస్తారు. మంచి దుంప బొడిపెల మీద గులాబీరంగు మొన ఒకటి పొడుచుకొస్తూ కనిపించవచ్చు, కనిపించకపోయినా కంగారు పడనక్కర్లేదు. పెద్ద దుంపను విడదీయాలంటే ఇప్పుడు విడదీయవచ్చు. కత్తిని స్పిరిట్‌తో తుడిచి, ఒక్కో ముక్కకూ ఒకటి రెండు కళ్లు ఉండేలా కోసి, కోత ఎండేదాకా రెండు మూడు రోజులు ఆరబెట్టాలి. మరీ చిన్న ముక్కలు ఆ ఏడాది పూయవు, ఆకులేసి దుంప పెంచుకుంటాయి. పూల సంఖ్య దుంప పరిమాణాన్ని బట్టి ఉంటుంది. వ్యాపారంగా పండించేవాళ్లు పూలు పెరగడానికి నాటేముందు దుంపల్ని జిబ్బరెలిక్ ఆమ్లంలో ముంచుతారు. ఇంటి తోటకు ఆ అవసరం లేదు, నిరుడు ఆకుల్ని చివరిదాకా ఉంచితే చాలు. పూలు అయిపోగానే మొక్క మొత్తం కోసేసేవాళ్లు మాత్రం తర్వాతి ఏడాది పూలను కూడా కోసేస్తున్నట్టే.

నేల ఇంకా చల్లగా ఉన్నప్పుడు నాటితే మళ్లీ కుళ్లే. మట్టి వేడి 16 నుంచి 18 డిగ్రీలకు చేరాలి. షికాగోలో అది మే నెల సగం దాటాకే. ముందే పూలు కావాలనుకునేవాళ్లు ఆరేడు వారాలు ముందుగా ఇంట్లో కుండీలో మొలకెత్తించి, మంచు భయం పోయాక బయట పెడతారు. బొడిపెల వైపు పైకి, నునుపు వైపు కిందికి, మూడు నాలుగు అంగుళాల లోతున పెట్టి ఒక్కసారి తడపాలి. మొలక నేల మీద కనిపించేదాకా మళ్లీ నీళ్లు పోయాలనే కోరికను అదుపులో పెట్టుకోవాలి, ఎందుకంటే వేరు పట్టని దుంపకు ఆ నీళ్లు తాగే దారి లేదు. ఆకు విప్పుకున్నాక నీళ్లు పెంచవచ్చు. అక్కణ్నుంచి రెండు మూడు నెలల్లో పూస్తుంది.

హైదరాబాద్, బెంగళూరుల్లో కుండీల్లో పెంచేవాళ్లకు లెక్క తిరగబడుతుంది. ఇక్కడ దీన్ని చంపేది చలి కాదు, ఏప్రిల్, మే వేడి, ఆ వెంటనే పడే వాన తడి. అక్టోబరు, నవంబరులో నాటితే మన చల్లటి నెలలు దానికి హాయిగా ఉంటాయి. ఆకులు పసుపు తిరగడం మొదలవగానే నీళ్లు తగ్గించి, ఎండాక దుంప తీసి, ఆరబెట్టి, ఇంట్లో అన్నిటికంటే చల్లగా ఉండే పొడి మూలలో కాగితపు సంచిలో వేలాడదీయాలి. వానాకాలంలో గాలి తేమగా ఉంటుంది కాబట్టి సంచి తెరిచి చూడటం నెలకోసారి కాదు, పదిహేను రోజులకోసారి జరగాలి. దసరా దాటేదాకా అది అక్కడే ఉంటుంది.